బెజ్జమహాదేవి అడిగిన ప్రశ్న



జనగామ జిల్లాలోని పాలకుర్తి గుట్ట నెక్కి సోమేశ్వరుని దర్శించి వచ్చినవారు మనలో ఎందరో కలరు. ఆ గుట్ట క్రింది గ్రామమే బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును తెలుగు ద్విపదలో వెలయించిన పాల్కురికి సోమనాథుని జన్మస్థానమని పండితులలో పెక్కుమంది అంగీకరించినారు. ఆ మహాకవి బసవపురాణమున చెప్పిన ముగ్ధభక్తుల కథలను మన ఇండ్లలో అవ్వలు మనుమలకు చెప్పుట నేటికిని పూర్తిగా అంతరింపలేదు. వానిలో బెజ్జమహాదేవి కథ యొకటి. దానిని మనము భక్తికథగా వినుచున్నాము. మాతృప్రేమకు దృష్టాంతముగా చెప్పుకొనుచున్నాము. కాని ఆ కథలో ఒక ప్రశ్న కలదు. ఆ ప్రశ్ననే నేటి వైద్యశాస్త్రము మరియొక భాషలో అడుగుచున్నది. దానికి సమాధానము చెప్పవలసిన బాధ్యత మనపైనను కలదని మనవి చేయుటకే ఈ వ్యాసము.

కథ మీరెరిగినదే. లోకమున ప్రతి ప్రాణికిని తల్లి యుండగా, శివునకు తల్లి యున్నట్లు ఎవ్వరును చెప్పకపోవుట మహాదేవికి పెద్ద బెంగయైనది. శివుని జడలు, తోలుబట్ట, బూడిదపూత, బిచ్చపు తిరుగుడు, శ్మశానవాసము, కడకు విషపానము - లోకులు మహిమలుగా కీర్తించు ఈ లక్షణములన్నియు ఆమె కంటికి ఆలనపాలన లేని బిడ్డ పడిన పాట్లుగా తోచినవి. అంతట ఆమె లింగమునే పసిబిడ్డగా భావించి, తానే తల్లియై, నూనె రాచి నలుగు పెట్టి నీళ్లు పోసి, పాలు పట్టి, జోలపాడి పెంచసాగెను. బిడ్డకు జబ్బు చేసి పాలు ముట్టనప్పుడు తన ప్రాణమునే విడువబూనెను. శివుడామె ముగ్ధత్వమునకు మెచ్చి ప్రత్యక్షమయ్యెను.

ఈ కథలో ఆమె ఆలోచన సాగిన మార్గమును గమనింపుడు. ఎదిగినవాని అవస్థను చూచినప్పుడు లోకము వాని గుణమును విమర్శించును, లేదా వాని విధిని తలచుకొనును. మహాదేవి అట్లు చేయలేదు. ఎదిగినవాని అవస్థకు మూలమును ఆమె వాని పసితనమున వెదకెను. “ఈ బిడ్డను ఆనాడు చూచుకొన్నవారెవరు?” అను భావమే ఆమె ప్రశ్న.

ఇట్టివారిని ఎరుగనివారెవరు?

ఒక మనిషిని తలచుకొందము. పేరు అవసరము లేదు. ఇట్టివాడు ప్రతి ఊరను కలడు. జనగామ మెట్టప్రాంతమున వానలు మొగము చాటేసిన యేట పుట్టినాడు. నెలలు నిండువరకు తల్లి కూలికి పోవుచునే యుండెను. తండ్రి పని వెదకుకొనుచు పట్టణమునకు పోయి నెలల తరబడి రాలేదు. వచ్చిన నాడు త్రాగివచ్చి ఇల్లాలిని కొట్టెను. బడిలో బెత్తము, ఊరిలో పెద్దింటి గడప వెలుపల నిలువవలసిన అవమానము. ఐనను వాడు ఎదిగినాడు. భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగము సంపాదించినాడు. ఇల్లు కట్టినాడు. కడుపునిండ తినుచున్నాడు. నలుబది యైదేండ్లకే మధుమేహము, రక్తపుపోటు వచ్చినవి. రాత్రి నిదుర పట్టదు. ఎవరైన గొంతెత్తి మాటాడిన చాలు, గుండె దడదడ కొట్టుకొనును. సాయంకాలము సీసా లేనిదే పొద్దు గడవదు.

మరియొక యిల్లాలిని తలచుకొందము. మహబూబాబాదు ప్రాంతపు పల్లెలో పెరిగినది. అన్నదమ్ములు తిన్న పిమ్మట మిగిలినది తినుట ఆమెకు చిన్ననాటి అలవాటు. మిరపకాయ ఏరు కాలమున ఆమెను బడి మాన్పించి చేనికి తీసికొనిపోయిరి. పదునారేండ్లకు పెండ్లి, పదునెనిమిది నిండకమునుపే కాన్పు. పుట్టిన బిడ్డ తక్కువ బరువు. నలుబదియేండ్లు రాకమునుపే ఆమె నడుము వంగినది. ఎప్పుడును ఆయాసము, ఎప్పుడును నీరసము.

వీరిని చూచి మనమేమందుము? “వానికి నోటి మీద అదుపు లేదు, త్రాగుబోతు” అందుము. “ఆమెకు పని చేయ బద్ధకము, ఒట్టి రోగిష్ఠి” అందుము. దయగలవారైనచో “ఏమి చేయుదుము, పూర్వజన్మ కర్మ” అని నిట్టూర్తుము. ఈ మూడు మాటలును తొందరపాటు మాటలే యని నా మనవి. వారి దేహము లోపల జరిగినదేమో మొదట తెలిసికొందము.

దేహము మరచునా?

మనసు మరచినదానిని దేహము మరవదు. ఇది నేడు కవితోక్తి కాదు, శాస్త్రజ్ఞులు ఓపికతో నిర్ధారించిన విషయము. దీనికి ముఖ్యమైన సాక్ష్యములలో ఒకటి మన తెలంగాణ గడ్డపైననే దొరకినది.

1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమున, రంగారెడ్డి జిల్లాలోని 29 గ్రామములలో ఒక పరిశీలన జరిగినది. వానిలో 15 గ్రామములలోని గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును ప్రతిదినము అదనపు పోషకాహారము నిచ్చిరి. తక్కిన 14 గ్రామములకు ఆ ఏర్పాటు అప్పటికింకను రాలేదు. అది గొప్ప విందేమియు కాదు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మా వంటి సాధారణ భోజనము. పదిహేనేండ్ల పిమ్మట, 2003-2005 మధ్య, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులును వారి సహచరులును ఆ గ్రామములకు మరల పోయి, నాటి శిశువులు 13 నుండి 18 యేండ్లవారై యుండగా పరీక్షించిరి. ఆహారమందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. అది చిన్న సంగతియే. పెద్ద సంగతి లోపల కలదు. వారి దేహములు ఇన్సులిన్‌కు మెరుగుగా లోబడుచుండెను. వారి రక్తనాళములు తక్కువ గట్టిపడి యుండెను. అనగా ముందుముందు మధుమేహమునకు, గుండెజబ్బునకు దారితీయు లక్షణములు వారిలో తక్కువగా నుండెనన్నమాట. రక్తపుపోటులో, రక్తపు కొవ్వులో మాత్రము చెప్పదగిన భేదము కనబడలేదు. ఈ ఫలితములు 2008లో వెలువడినవి. తల్లి విస్తరిలో ఒక గరిటెడు ఉప్మా అదనముగా పడుట, పదిహేనేండ్ల తరువాత బిడ్డ నరనరమున కనబడినది!

ఇది ఎట్లు జరుగును? గర్భమందున్న శిశువు తల్లి రక్తము ద్వారమున రాబోవు లోకమును గూర్చి వర్తమానము తెలిసికొనును. తల్లి ఆకలితో నున్నచో “బయట కరవు కలదు, పొదుపుగా బ్రతుకుము” అని దేహము నేర్చుకొనును. ఉన్న పోషణను మెదడునకు మిగిల్చి, కండకు, మూత్రపిండములకు, ఇన్సులిన్ పుట్టించు క్లోమమునకు తక్కువ పంచును. అట్టి దేహము కరవులో బ్రతుకగలదు; కాని పిమ్మట కలిమి వచ్చి కడుపునిండ తిన్ననాడు ఆ భారమును మోయలేదు. ఇంగ్లాండులోని హర్ట్‌ఫర్డ్‌షైరు ప్రాంతమున 1911 నుండి పుట్టిన శిశువుల బరువులు వ్రాసిపెట్టిన పాత చిట్టాలుండెను. బార్కర్ అను వైద్యుడు వానిని తిరుగవేసి, శైశవమున బరువు తక్కువైనవారు పెద్దవయసున గుండెజబ్బుతో మరణించుట ఎక్కువయని 1989లో చూపెను. 1944-45 శీతకాలమున హాలెండు దేశమున యుద్ధము వలన ఘోరమైన కరవు వచ్చెను. ఆనాడు గర్భమందుండినవారు యాబదియేండ్ల ప్రాయమున పరీక్షింపబడగా, వారి రక్తమున చక్కెర అదుపు తప్పుట ఇతరులకంటె ఎక్కువగా కనబడెను. మన గనికార్మికుని మధుమేహము వాని నోటి అదుపులేమియేనని ఇప్పుడు నిశ్చయముగా చెప్పగలమా?

ఆకలి యొక్కటియే కాదు, భయము గూడ దేహమున వ్రాతయై నిలుచును. భయపడినప్పుడు గుండె వడివడిగా కొట్టుకొనును; కార్టిసాల్ మొదలగు రసములు రక్తమున కలియును; పరుగెత్తుటకు, పోరాడుటకు కావలసిన చక్కెర రక్తములోనికి వచ్చును. పాము కనబడినప్పుడు ఇది ప్రాణరక్షకమే. ఐదు నిమిషములలో పాము పోవును, దేహము శాంతించును. కాని ఆ పాము ఇంటిలోనే యుండి ప్రతి సాయంకాలము తండ్రి రూపమున వచ్చుచున్నచో? అప్పుడు ఎదుగుచున్న ఆ పసిదేహము ఎల్లప్పుడు యుద్ధసన్నద్ధమై యుండుటకే అలవాటుపడును. ముప్పది, నలుబది సంవత్సరములు అట్లు సన్నద్ధమై యున్న రక్తనాళములు, గుండె, మెదడు అరిగిపోవుటలో ఆశ్చర్యమేమి?

అమెరికాలోని శాన్ డియాగో నగరమున ఫెలిట్టి, అండా అను వైద్యులు తమ సహచరులతో కలిసి 9,508 మంది పెద్దవారిని వారి చిన్ననాటి అనుభవములను గూర్చి ప్రశ్నించిరి. దెబ్బలు, దూషణ, లైంగిక పీడన, తల్లి దెబ్బలు తినుట చూచుట, ఇంటిలో త్రాగుడు, మనోవ్యాధి, జైలుశిక్ష - ఈ ఏడు విధములలో ఎన్ని అనుభవించిరో లెక్కించిరి. 1998లో వెలువడిన ఫలితములను బట్టి, నాలుగు లేక అంతకుమించిన విధములను అనుభవించినవారు ఏదియు అనుభవింపనివారికంటె త్రాగుడు, మత్తుమందులు, మనోవేదన, ఆత్మహత్యాప్రయత్నము వంటివానికి 4 నుండి 12 రెట్లు ఎక్కువగా గురియైరి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సరు వంటివి గూడ అనుభవముల సంఖ్యతో పాటు పెరుగుచున్నట్లు కనబడెను. త్రాగుడు అనేకులకు చిన్ననాటి గాయమునకు తామే వేసికొన్న తప్పుడు మందు. మందు తప్పనుట న్యాయమే. గాయమే లేదనుట న్యాయము కాదు.

ఇవి యెక్కడివో పరాయి లెక్కలని త్రోసివేయరాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు ఎదుగలేదు. ఆరు నెలలు దాటిన పసిపిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత. 20-24 యేండ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు. నేటి ఈ పసిపిల్లలే 2060 నాటి రోగులో, ఆరోగ్యవంతులో కానున్నారు.

పూర్వజన్మ కర్మ యనవచ్చునా?

ఇక ధర్మవిచారమునకు వత్తము. “ఎవరి రోగమునకు వారి పూర్వకర్మయే కారణము” అను మాట మన చుట్టునున్న సమాజమున బలముగా కలదు. ఇతరులనుట వేరు, బసవేశ్వరుని త్రోవ నడచు మనమనుట వేరు. లింగదీక్ష పొందినవానికి అది క్రొత్త జన్మము. వాని పూర్వాశ్రయమును - వాని పూర్వజాతిని, పూర్వస్థితిని - తవ్వరాదని మన ఆచారము. కులమును గూర్చి అడుగరాదన్న మనము, రోగి మంచముపై నున్నప్పుడు మాత్రము వాని పూర్వజన్మను తవ్వి నేరము మోపుట ఏ న్యాయము? పైగా ఈ కర్మవాదము వలన ఒక సౌకర్యము కలదు. అది మనలను బాధ్యతనుండి విడిపించును. కర్మ వానిదైనచో మనము చేయవలసినదేమియు లేదు గదా! కావుననే ఈ మాట వినుటకు దయగా తోచినను, ఆచరణలో నిర్దయయే యగును.

మన సంప్రదాయము శిశువును గూర్చి చెప్పినది మరియొకటి. బిడ్డ గర్భమందుండగనే, ఎనిమిదవ మాసమున, గురువు ఆ తల్లికి గర్భలింగధారణ చేయించును. పుట్టిన వెంటనే శిశువునకు లింగము కట్టును. దీని అర్థమేమి? ఇంకను లోకమును చూడని ఆ ప్రాణి అప్పటికే పూజార్హమని, ఆ దేహము అప్పటికే దేవాలయమని గదా! శాస్త్రజ్ఞులు ఇరువదవ శతాబ్దిలో గర్భస్థశిశువును గూర్చి తెలిసికొన్న దానికి తగిన ఆచారమును మన పెద్దలు ఎన్నడో ఏర్పరచిరి. వారికి ఇన్సులిన్ తెలిసియుండెనని నేననుటలేదు. అట్టి గొప్పలు మనకు వలదు. శిశువు పట్ల మనకున్న బాధ్యత పుట్టుకతో కాక అంతకుముందే మొదలగునని వారు గ్రహించిరని మాత్రమే చెప్పుచున్నాను. అట్లే పంచసూతకములను మన ధర్మము త్రోసిపుచ్చినది. పురిటి అంటు లేదని నోట చెప్పుచు, బాలింతను గాలి వెలుతురు లేని మూలగదిలో కూర్చుండబెట్టి, పథ్యము పేర కారపుపొడి మెతుకులు మాత్రమే పెట్టు ఇండ్లు మనలో లేవా? అది బసవేశ్వరుని మతము కాదు.

అట్లయిన మనిషికి స్వేచ్ఛ లేదా?

ఇచట ఒక సందేహము న్యాయముగా పుట్టును. “బాల్యమే సర్వమును నిర్ణయించునన్నచో, మనిషి చేయగలిగినదేమి? కాయకమే కైలాసమన్న మాటకు అర్థమేమి? త్రాగుబోతు తన చిన్నతనమును చూపి తప్పుకొనడా?”

దీనికి సమాధానము రెండు విధములు. మొదటిది శాస్త్రమే చెప్పును. పైన చెప్పిన లెక్కలు జనసమూహములను గూర్చినవి. ఏ యొక్కని నుదుటివ్రాతయు కాదు. కష్టబాల్యము గలవారిలో ఆరోగ్యముగా, ధర్మముగా జీవించినవారు లెక్కకు మించి యున్నారు. చెడినది బాగుపడుటయు కలదు. రుమేనియా దేశపు అనాథశాలలలో ఎత్తుకొనువారు లేక పెరుగుచున్న శిశువులలో కొందరిని కుటుంబములలో ఉంచి, 2001 ప్రాంతము నుండి వారి ఎదుగుదలను పరిశీలించిరి. కుటుంబము దొరకిన బిడ్డలు తెలివియందును, మనుష్యులతో మమకారమునందును కోలుకొనిరి. రెండేండ్లు నిండకమునుపు దొరకినవారు మరింత బాగుగా కోలుకొనిరి. మాంట్రియాల్ నగరమున మీనీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై చేసిన పరిశోధనలలో, పిల్లలను ఎక్కువగా నాకి నిమిరిన తల్లుల పిల్లలు పెద్దవైన పిమ్మట బెదరు తక్కువగా నుండుట కనబడెను. ఒక తల్లి పిల్లను మరియొక తల్లి పెంచినను, పెంచిన తల్లి గుణమే వచ్చెను! అనగా కన్నది ఎవరన్నది కాదు, నిమిరినది ఎవరన్నది ముఖ్యము. మన మహాదేవి నలుగు పెట్టి నీళ్లు పోయుట ఇక్కడ జ్ఞప్తికి రాకుండునా?

రెండవ సమాధానము మన ధర్మము చెప్పును. కారణము తెలియుట వేరు, బాధ్యత తప్పుకొనుట వేరు. తన గాయము తన తప్పు కాకపోవచ్చును. ఆ గాయమును తన బిడ్డకు అందింపకుండుట మాత్రము తన కాయకమే. తండ్రి చేత దెబ్బలు తిన్నవాడు తన కొడుకుపై చేయెత్తబోయి ఆగిన క్షణమున, ఒక వంశమున తరతరములుగా వచ్చు రోగము ఆగినది. అంతకుమించిన శివపూజ ఏమి కలదు? అయితే ఆ క్షణమున ఆగుటకు వానికి బలము కావలెను. ఆ బలము నిందవలన రాదు, ఆదరమువలననే వచ్చును.

మరియొక సందేహము స్త్రీలు అడుగుదురు. “కడకు నేరమంతయు తల్లిపైననే పెట్టుచున్నారా?” కాదమ్మా. ఆ ఇల్లాలు కూలికి పోవుట ఆమె దోషము కాదు. ఆమెను ఆఖరున తినుమన్న ఇంటిది, బాల్యమున పెండ్లి చేసిన పెద్దలది, ఆమె దెబ్బలు తినుచుండగా తలుపు వేసికొన్న ఇరుగుపొరుగువారిది. బెజ్జమహాదేవి శివుని కన్నవారెవరని విచారించి, వారిని దూషింపలేదు. “తల్లి లేదా? నేనున్నాను” అన్నది. ఈ కథకు ప్రాణము అక్కడ కలదు. తప్పు ఎవరిదను ప్రశ్నకు ముగింపు లేదు. ఇప్పుడు తల్లి ఎవరగుదురను ప్రశ్నకు ఈనాడే సమాధానము చెప్పవచ్చును.

గొడగూచి మాట

బసవపురాణముననే గొడగూచి యను బాలిక కథ కలదు. తండ్రి చెప్పినట్లు ఆమె శివునకు పాలు తీసికొనిపోయినది. శివుడు త్రాగకపోగా, ఇంటివారు కోపింతురని ఏడ్చినది. శివుడు కరుణించి త్రాగెను. ఆ నిజమును చెప్పగా తండ్రి నమ్మలేదు, దండింపబోయెను. బిడ్డ పోయి లింగమును కౌగిలించుకొనగా శివుడామెను తనలో కలుపుకొనెను.

ఈ కథ విన్నప్పుడెల్ల నాకొక విచారము కలుగును. నిజము చెప్పి నమ్మబడని బిడ్డలు మన ఇండ్లలో, వసతిగృహములలో ఎందరున్నారు! “ఫలానివారి దగ్గరకు నేను పోను” అని బిడ్డ మారాము చేసినప్పుడు, “బడిలో నన్ను వేరుగా కూర్చుండబెట్టిరి” అని చెప్పినప్పుడు, మనము నోరు మూయించుచున్నాము. వారిని తనలో కలుపుకొనుటకు లింగము తెరచుకొనదు. వారు ఆ మాటను తమలోనే మ్రింగుకొందురు. ఆ విషమే పిమ్మట దేహమున తేలును. 2002 నుండి మన తెలుగుదేశపు పల్లె, పట్టణ బాలలను సుమారు మూడువేల మందిని ఏండ్ల తరబడి అనుసరించి పరిశీలించిన యంగ్ లైవ్స్ అను అధ్యయనమున, ఎనిమిదేండ్ల పిల్లలలో పదింట తొమ్మండుగురికి మించి, గడచిన వారములోనే ఉపాధ్యాయుడు ఎవరినో కొట్టుట చూచినామని చెప్పిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దెబ్బను, మానసిక హింసను నిషేధించినది. చట్టము గోడపై నున్నది. బెత్తము ఇంకను అనేకచోట్ల మూలనున్నది.

ఎనిమిదేండ్ల బాలునికి ఏమి తెలియునందుమా? ఆ లేతప్రాయముననే బాలబసవడు ఉపనయనము వలదని నిరాకరించెనని మన పురాణము. పసివాని హృదయమునకు తగిలిన అన్యాయభావమును ఆ మహనీయుడు మరవలేదు. కల్యాణమున అనుభవమంటపము వెలసినప్పుడు అందు అన్ని వృత్తులవారును, స్త్రీలును సమానముగా కూర్చుండిరి. బిడ్డ మాట వినిన సమాజమే అట్టి మంటపమును కట్టగలదు.

మనము చేయదగినవి

దాసోహమనిన మనకు జాతర దినమున అన్నసంతర్పణ జ్ఞప్తికి వచ్చును. మహాశివరాత్రికి కురవి వీరభద్రస్వామి సన్నిధిని, గోదావరీ ప్రాణహితా సంగమమున కాళేశ్వర ముక్తేశ్వరుని సన్నిధిని వేలమంది ఆకలి తీరుట కన్నులపండువే. కాని పైన చెప్పిన దానిని బట్టి చూచినచో, దాసోహమునకు ఒక క్రమము కావలెను. మొదటి పంక్తి గర్భిణులది, బాలింతలది, ఆరేండ్లలోపు పిల్లలది. అది జాతరనాడే కాదు, ఏడాది పొడవునను. యాబదియేండ్లవానికి పెట్టిన అన్నము ఆనాటి ఆకలిని తీర్చును. గర్భిణికి పెట్టిన అన్నము యాబదియేండ్ల తరువాతి రోగమును తీర్చును.

గర్భలింగధారణ జరుగు దినమున గురువుగారు ఆశీర్వదించి వెళ్లుటతో సరిపుచ్చక, ఆమె ఏమి తినుచున్నది, రక్తపరీక్ష జరిగినదా, ఇంటిలో ఎవరైన ఆమెపై చేయెత్తుచున్నారా అని అత్తగారిని, భర్తను అడుగవలెను. గురువు అడిగిన మాటకు ఇంటిలో విలువ కలదు. 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున అంగన్‌వాడీ కేంద్రములలో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట నిండుభోజనము, పాలు, గుడ్డు ఏర్పాటైనవి. గుడ్డు ముట్టము గనుక అక్కడకు పోమనుట తగదు. గుడ్డు వదలి అన్నము, పప్పు, పాలు స్వీకరింపవచ్చును. ఇంటివద్ద కందిపప్పు, సెనగలు, నువ్వులు, పల్లీలు, పెరుగు, ఆకుకూరలు చేర్చి ఆ లోటు పూరింపవచ్చును.

మఠములు నడుపు వసతిగృహములను గూర్చి ఒక మాట. 2019లో లింగైక్యులైన తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమారస్వామివారు అన్న, అక్షర, ఆశ్రయములను మూడింటిని దాసోహముగా నిలిపి, కులభేదము లేక వేలాది బాలురను పెంచిరి. అందు ఆశ్రయమనగా పైకప్పు మాత్రమే కాదు. రాత్రి జ్వరము వచ్చిన పిల్లవాని నొసట చేయి వేయువారుండుటయే ఆశ్రయము. మన వసతిగృహమున బెత్తము లేదని, ఏ బిడ్డయు వేరు పంక్తిలో కూర్చుండదని, బిడ్డ చెప్పిన మాటను వినుటకు ఒక పెద్దమనిషి నియమింపబడినాడని మనము ధైర్యముగా చెప్పుకొనగలమా? చెప్పుకొనలేనిచో అదే మన ప్రథమ కర్తవ్యము.

ఇంటిలో ఆడపిల్ల, మగపిల్లవాడు ఒకే వేళ, ఒకే విస్తరిలోని వంటకములు తినవలెను. పదునెనిమిది నిండనిదే పెండ్లిమాట ఎత్తరాదు. అట్టి పెండ్లికి జంగమయ్య పౌరోహిత్యము చేయరాదు. పని వెదకుచు తల్లిదండ్రులు పట్టణమునకు పోయినప్పుడు తాతవద్ద, అవ్వవద్ద మిగిలిన పిల్లలను మన మఠము, మన వీధి తన పిల్లలుగా చూడవలెను.

కడపటి మాట. పైన తలచుకొన్న గనికార్మికుడు ఈ సాయంకాలము మన మఠమునకు వచ్చి మూలన కూర్చుండవచ్చును. వాని నోట వాసన రావచ్చును. వానిని చూచి మొగము త్రిప్పుకొనుటకు ముందు బెజ్జమహాదేవి ప్రశ్నను ఒక్కసారి మనసులో అడుగుకొందము: ఈ బిడ్డను ఆనాడు చూచుకొన్నవారెవరు? ఎవరును లేరను సమాధానము వచ్చినచో, వానికి మజ్జిగ యిచ్చి కూర్చుండుమందము. వైద్యునివద్దకు వెంట వత్తుమని చెప్పుదము. వాని ఇంటిలో నేడు ఎనిమిదేండ్ల బిడ్డ యుండియుండును. ఆ బిడ్డకు ఇంకను ఆలస్యము కాలేదు.

శరణు శరణార్థి.